మైలేజ్ అంకె ఘాటీ ఎక్కదు, దిగదు

రాయగడలో ఈమధ్య ఒక పెళ్లి భోజనాల దగ్గర మా మేనల్లుడు కొత్త బండి కొంటున్నానని చెప్పాడు. డీజిల్ ఎస్‌యూవీ, ఏడు సీట్లది. పంక్తిలో ఉన్నవాళ్లంతా అడిగిన మొదటి మాట "ఎంతిస్తుందంట?" అనే. రెండో మాట కూడా అందరిదీ ఒకటే: "ఆటోమేటిక్ జోలికి మాత్రం పోకురా, డీజిల్ తాగేస్తుంది." వాడు ఉండేది ఒడిశాలోని జయపురంలో. పని మీద తరచూ విశాఖ వెళ్లి వస్తుంటాడు. అంటే కోరాపుట్, సునాబెడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాటీ దిగి సాలూరు చేరాలి, మళ్లీ అదే దారిన ఎక్కి రావాలి. పప్పు నుంచి పెరుగు దాకా సాగిన ఆ చర్చలో ఘాటీ మాట ఒక్కరూ ఎత్తలేదు.

నాకు మాత్రం అసలు ప్రశ్న అదే అనిపిస్తుంది. మన కొండదారుల్లో తిరిగే బండికి గేరుబాక్సును మైలేజ్ చూసి ఎంచుకోకూడదు. నిండా జనంతో, నిండా లోడుతో ఆ బండి ఎలా దిగుతుందో చూసి ఎంచుకోవాలి. మైలేజ్ తేడా మనం భయపడేంత పెద్దది కాదు. పైగా ఆ తేడా కోసం చేసే పనుల్లో కొన్ని డీజిల్‌నూ మిగల్చవు, బ్రేకులనూ మిగల్చవు.

ఆ అంకె ఎక్కడ పుట్టింది

షోరూంలో చెప్పే అంకె రోడ్డు మీద కొలిచింది కాదు. బండి చక్రాలను రోలర్ల మీద నిలబెట్టి మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో కొలుస్తారు. మొత్తం 1,180 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. అందులో ఎక్కుడు లేదు, దిగుడు లేదు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది ఇంకొకటి. మాన్యువల్ బండికి ఏ సెకనులో ఏ గేరు వేయాలో ముందే రాసి ఉంటుంది, పరీక్ష చేసేవాడు ఆ పట్టిక ప్రకారమే మారుస్తాడు. ముందు లారీ ఆగితే సెకండ్ గేరులో సగం క్లచ్ నొక్కి దేకడం, సోమరితనంతో నాలుగో గేరులోనే మలుపు లాగించడం లాంటివి ఆ పట్టికలో ఉండవు. మాన్యువల్ బండి మైలేజ్ అంకె అలాంటి కొలతలోంచి వచ్చింది.

సరే, ఆ అంకెనే నమ్ముదాం. 2023లో వచ్చిన టాటా హారియర్ డీజిల్‌కు కంపెనీ చెప్పిన మైలేజ్ మాన్యువల్‌లో లీటరుకు 16.8 కిలోమీటర్లు, ఆటోమేటిక్‌లో 14.6. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే తేడా 134 లీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకున్నా నెలకు పదకొండు వందలు. చిన్న మొత్తం అనను. కానీ పాతిక లక్షల బండి కొంటూ ఈ పదకొండు వందల దగ్గర నిర్ణయం తేల్చేయడం ఏమిటో నాకు అర్థం కాదు. ఆంధ్రలో కన్నా ఒడిశాలో డీజిల్ చవక కాబట్టి, సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకునే అలవాటు మనలో ఎవరికి లేదు? ఆ అలవాటే ఇందులో కొంత తిరిగి తెచ్చిపెడుతుంది.

ఆటోమేటిక్ అనగానే ఎక్కువ తాగుతుందన్న మాట కూడా ఎల్లప్పుడూ నిజం కాదు. 2024 హ్యుందాయ్ క్రెటాలో 1.5 పెట్రోల్ మాన్యువల్‌కు 17.4 అయితే, అదే ఇంజిను సీవీటీ (విడివిడి గేర్ల మెట్లు లేని) ఆటోమేటిక్‌తో 17.7. అదే బండి డీజిల్‌లో మాత్రం మాన్యువల్ 21.8, ఆటోమేటిక్ 19.1. కాబట్టి ఏ రకం ఆటోమేటిక్ అన్నది తేలకుండా వాదన ముందుకు సాగదు. మన పెద్ద డీజిల్ ఎస్‌యూవీల్లో ఎక్కువగా ఉండేది టార్క్ కన్వర్టర్. ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య నూనెతో పనిచేసే కలయిక అది. నెమ్మదిగా కదిలేటప్పుడు ఆ నూనెలో కొంత శక్తి వేడిగా పోతుంది. వేగం అందుకున్నాక ఆ రెంటినీ నేరుగా కలిపే లోపలి లాకప్ క్లచ్ పడి నష్టం బాగా తగ్గుతుంది. అమెరికాలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి తయారుచేసిన 10 గేర్ల ఆటోమేటిక్ లాంటివి పికప్ ట్రక్కుల్లోకి వచ్చాక అక్కడ ఈ పాత మాట దాదాపు మాసిపోయింది. మన దగ్గర ఇంకా ఆరు గేర్లవే ఎక్కువ కాబట్టి తేడా మిగిలే ఉంది.

ఎక్కుడు

సాలూరు నుంచి కోరాపుట్‌కు ఎత్తు తేడా 700 మీటర్ల పైమాటే. రెండు టన్నుల బండిని అంత ఎత్తుకు మోయడానికే లీటరు పైచిలుకు డీజిల్ కావాలి. పది టైర్ల లారీ నిండు లోడుతో, అంటే 2018లో పెంచిన లెక్క ప్రకారం 28.5 టన్నులతో ఎక్కితే, ఆ ఎత్తు ఒక్కదానికే సుమారు 15 లీటర్లు. గాలినీ టైర్లనూ నెట్టుకుంటూ పోవడానికి అయ్యేది వేరే. ఈ లెక్క గేరుబాక్సును అడగదు. బరువు, ఎత్తు, ఇంజిను సామర్థ్యం, అంతే. "మాన్యువల్ అయితే ఘాటీలో బాగా ఇస్తుంది" అనేవాళ్లు ఈ పెద్ద ముద్దను పక్కన పెట్టి మిగిలిన చిన్న ముక్క గురించి మాట్లాడుతున్నారు.

ఆ చిన్న ముక్కలో కూడా మనిషి పాత్రే పెద్దది. మైలేజ్ కోసమని పై గేరులోనే లాగించేవాళ్లను రోజూ చూస్తాం. ఇంజిను తిరుగుడు 1,500 లోపు పడితే టర్బో ఊపందుకోదు, బండి వణుకుతుంది, పెడల్ ఇంకా తొక్కుతారు. హెయిర్‌పిన్ దగ్గర ముందు లారీ ఆగితే క్లచ్ మీదే బండిని నిలబెడతారు. పొట్టంగి చేరేసరికి క్లచ్ ప్లేటు వాసన వచ్చే బండి మైలేజ్ ఎంతని అడిగి లాభం ఏముంది?

ఎక్కుడులో ఆటోమేటిక్‌కు ఇంకో మేలు ఉంది, దాన్ని షోరూంలో ఎవరూ నొక్కి చెప్పరు. ఒకే ఇంజినుకు కంపెనీలే రెండు రకాల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తున్నాయి. టయోటా ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో మాన్యువల్‌కు 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌కు 500. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో 370, 400. డబ్బు పెట్టి మాన్యువల్ కొనుక్కున్న కొండప్రాంతం మనిషికి తక్కువ టార్క్ దొరుకుతోంది.

చిన్న బండ్లలో వచ్చే ఏఎంటీ సంగతి వేరు. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఈ పద్ధతిలో గేరుబాక్సు మామూలు మాన్యువలే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. అందుకే మైలేజ్ మాన్యువల్‌తో దాదాపు సమానం. మైలేజ్ ఒక్కటే కొలమానమైతే ఇదే గెలవాలి. కానీ ఎక్కుడు మలుపు మధ్యలో అది గేరు మార్చాలనుకుంటే, ఆ క్షణం లాగే బలం తెగిపోతుంది, వెనక ఉన్నవాడి గుండె జారుతుంది. రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేసే డబుల్ క్లచ్ ఆటోమేటిక్‌లలో డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) ఉన్న బండ్లు లారీ వెనక నడక వేగంతో ఎక్కుతూ ఉంటే వేడెక్కి హెచ్చరిక దీపం వెలిగించడమూ ఉంది. అంకెలు బాగున్న రెండు గేరుబాక్సులూ సుంకిలో ఇబ్బంది పెట్టేవే.

దిగుడు

ఇక అసలు సంగతి. ఒకసారి సునాబెడ నుంచి అద్దె బండిలో దిగుతున్నాం. డ్రైవరు మంచివాడు, చెయ్యి నిదానం. సుంకి దగ్గర పడగానే గేరు న్యూట్రల్ చేసి బ్రేకు మీద దింపుతున్నాడు. డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజ్ చూపించే అంకె కదులుతోంది. ఒకసారి మూడో గేరులో వేసి కాలు తీయమని అడిగాను. అంకె ఒక్కసారిగా 99.9కి పోయి అక్కడే నిలిచింది. న్యూట్రల్ చేయగానే కిందికి పడింది.

కారణం సులువే. గేరులో ఉండి పెడల్ వదిలేస్తే చక్రాలే ఇంజినును తిప్పుతాయి. అప్పుడు ఇంజెక్టర్లు డీజిల్ పోయడం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. నిటారు దిగుడులో ఎలాగూ వేగం ఆపాలి. ఆ పని ఇంజిను ఉచితంగా చేసిపెడతానంటుంటే కాదని, డీజిల్ కాల్చుకుంటూ బ్రేకు లైనర్లు అరగదీసుకుంటున్నాం.

ఇదంతా చెబితే ఆ డ్రైవరు నవ్వాడు. "సార్, ఆ అంకె మీకు. నాకు బంకులో బిల్లే లెక్క. మా గురువు న్యూట్రల్‌లోనే దింపేవాడు."

ఆయన గురువు మాటలో కొంత నిజం లేకపోలేదు, అది ఒప్పుకోవాలి. కోరాపుట్ పీఠభూమి మీద ఉన్నట్టు మెల్లగా వాలే దారుల్లో గేరులో ఉంచితే ఇంజిను పట్టుకుని వేగం పడిపోతుంది, మళ్లీ పెడల్ తొక్కాలి. అక్కడ న్యూట్రల్‌లో దొర్లితే నిజంగానే కొంచెం మిగులుతుంది. కొత్త ఆటోమేటిక్ లారీల్లో యంత్రమే ఆ పని చేస్తుంది, వాలును కొలిచి న్యూట్రల్‌లోకి వెళ్తుంది. కానీ బ్రేకు ముట్టుకున్నా, వేగం హద్దు దాటినా వెంటనే గేరులోకి తిరిగి వస్తుంది. మనిషి అలా రాలేడు. లోడు బండి వాలులో వేగం అందుకున్నాక గేరు పడదు. ఘాట్ రోడ్డు ప్రమాదాల వార్తల్లో "బ్రేకులు ఫెయిలై" అని ఒక్క ముక్కలో తేల్చేసే వాటిలో ఎన్నింటికి ముందు ఈ న్యూట్రల్ ఉందో ఎవరూ రాయరు.

పెద్దల సూత్రం ఒకటి ఉంది కదా: ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. సూత్రం మంచిదే, కానీ అది పాత ఇంజిన్ల కాలానిది. అప్పటి బండి మొదటి రెండు గేర్లలో మూలుగుతూ ఎక్కేది, అదే గేరులో దిగితే సరిపోయేది. ఇప్పటి 350 న్యూటన్ మీటర్ల ఇంజిను అదే ఎక్కుడు మూడో నాలుగో గేరులో పాట పాడుకుంటూ ఎక్కేస్తుంది. ఆ నాలుగో గేరులో దిగితే పట్టు చాలదు. ఎక్కినదానికన్నా కనీసం ఒక గేరు కిందికి రావాలి. లారీలకు ఇది మరీ ముఖ్యం.

ఆటోమేటిక్‌ను వెనకేసుకొస్తున్నవాణ్ని కాబట్టి దాని లోపం కూడా ఇక్కడే చెప్పాలి. "డి"లో పెట్టి వదిలేస్తే చాలా ఆటోమేటిక్‌లు దిగుడులో కూడా పై గేరుకే పోతాయి. బండి తేలిగ్గా జారుతూ ఉంటుంది, డ్రైవరు కాలు బ్రేకు మీదే ఉండిపోతుంది. ఈ తప్పు చేసే కొత్త యజమాని, న్యూట్రల్‌లో దింపే పాత డ్రైవరు, ఇద్దరూ కింద సాలూరు వైపు ఒకే వాసనతో దిగుతారు. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో కట్టేయడం నేర్చుకోవాలి. దిగుడులో వేగాన్ని తనే పట్టి ఉంచే హిల్ డిసెంట్ బటన్ ఉంది కదా అంటారు. అది ఏబీఎస్ ద్వారా బ్రేకులనే వాడుతుంది. రాళ్ల దారిలో పది అడుగులు నెమ్మదిగా దిగడానికి పనికొస్తుంది గానీ పొడవాటి ఘాటీకి కాదు.

అయినా ఆటోమేటిక్ వైపే ఎందుకు మొగ్గుతున్నానంటే, గేరు మార్చడానికి అక్కడ చెయ్యి స్టీరింగ్ వదిలి పోనక్కర్లేదు, గేరు పడుతుందా లేదా అన్న టెన్షన్ లేదు, మలుపు మధ్యలో క్లచ్ నొక్కి బండిని క్షణమైనా వదిలేయడం లేదు. డిసెంబరు పొగమంచులో ఎదురుగా పదహారు టైర్ల లారీ మలుపంతా ఆక్రమించి వస్తున్నప్పుడు ఈ చిన్న సౌకర్యాల విలువ తెలుస్తుంది.

బాగుచేసేదెవరు

నా వాదనకు గట్టి జవాబు మైలేజ్ వాళ్ల దగ్గర లేదు, మెకానిక్‌ల దగ్గర ఉంది. జయపురంలో క్లచ్ ప్లేటు పోతే ఉదయం ఇస్తే రాత్రికి బండి చేతికొస్తుంది. సాలూరులో అయితే చెప్పనే అక్కర్లేదు, ఊరే లారీల ఊరు. ఆటోమేటిక్ గేరుబాక్సు మొరాయిస్తే రెండొందల కిలోమీటర్లు దాటి విశాఖకు పోవాలి, అదీ బండిని ట్రాలీ మీద ఎక్కించి. ఇంజిను తిప్పే చక్రాలు నేల మీద దొర్లేలా లాక్కుపోతే బాక్సు లోపల నూనె తిరగక ఇంకా పాడవుతుంది. నాకు తెలిసినాయన బండికి వాల్వ్ బాడీలో (గేరుబాక్సులో నూనెను నడిపించే భాగం) చిన్న లోపం వస్తే, సర్వీస్ సెంటరు వాళ్లు (పేరు అనవసరం) బాక్సు మొత్తం మార్చాలన్నారు. వారాల తరబడి బండి అక్కడే ఉంది. మైలేజ్‌లో పోయే నెలకు పదకొండు వందలు ఆ బిల్లు ముందు ఏ మూలకు?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గేరు నూనె జీవితకాలం మార్చనక్కర్లేదన్న మాట నమ్మకుండా, ఘాటీలో తిరిగే బండికి ముందే మార్పించుకోవడం ఒకటి, వారంటీ పొడిగించుకోవడం ఒకటి. అడవి లోపలి గ్రామాలకు తిరిగేవాడికి, మల్కన్‌గిరి దాటి పనులున్నవాడికి నేను ఇప్పటికీ మాన్యువలే తీసుకోమంటాను. కానీ అది రిపేరు కారణం. మైలేజ్ కారణం కాదు.

లారీల లెక్క

సాలూరులో మా బావకు లారీలున్నాయి. నవరంగ్‌పూర్ మొక్కజొన్న దింపడం, తిరుగు కిరాయికి సిమెంటో కిరాణా సరుకో ఎక్కించడం. ఆటోమేటిక్ లారీ మాట ఎత్తితే ఆయన ముందు చెయ్యి అడ్డంగా ఊపుతాడు. కానీ గేరుబాక్సు ఎంపిక వల్ల నిజంగా లాభపడేది లారీయే అని నా అభిప్రాయం. వోల్వో ఐ-షిఫ్ట్ లాంటి 12 గేర్ల బాక్సు లోపల ఏఎంటీయే, చిన్న కారులో ఉన్న సూత్రమే. కానీ లోడునూ వాలునూ కొలిచి గేరు ఎంచుకుంటుంది, దిగేటప్పుడు, పొగ దారిని అడ్డుకుని ఇంజినుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకుతో కలిసి పనిచేస్తుంది. టార్క్ కన్వర్టర్ నష్టం లేదు. మంచి డ్రైవరుతో సమానంగా ఇస్తుంది. అలసిన డ్రైవరు, కొత్త డ్రైవరు చేతిలో కూడా అంతే ఇస్తుంది.

ఈ మేలు ప్రభుత్వ కొలతలో కనబడదు. 12 టన్నుల పైబడిన లారీలకు 2017 ఆగస్టులో ప్రకటించిన ఇంధన ప్రమాణాల ప్రకారం కొలిచేది గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిర వేగాల్లో. ఒకే వేగంలో, చదునులో, గేరు మార్చకుండా కొలిస్తే గేరు మార్చే తెలివికి మార్కులు ఎక్కడ పడతాయి? సుంకి ఎక్కే లోడు లారీకి 40 అనేది కలలో మాట.

కంపెనీలకు మన బలహీనత తెలుసు. 2016లో మహీంద్రా బ్లేజో లారీని తెచ్చినప్పుడు ఎక్కువ మైలేజ్ రాకపోతే లారీ వాపసు ఇచ్చేయమంది. లోడును బట్టి ఇంజిను బలం తగ్గించే స్విచ్చులూ వచ్చాయి. మా బావ లారీలో అలాంటి స్విచ్చు ఉంది. ఖాళీగా వస్తున్నా అది హెవీలోనే ఉంటుంది. ఎందుకని డ్రైవరును అడిగితే, "లైట్‌లో పెడితే బండికి ప్రాణం ఉండదండి" అన్నాడు.

అదే డ్రైవరు దిగుడులో న్యూట్రల్ వేస్తాడు. ఇది అజ్ఞానం అనుకుంటే పొరపాటు. ట్రిప్పుకు ఇన్ని లీటర్లని ఓనరు కట్టిస్తాడు. మిగిలింది డ్రైవరుది, తగ్గింది డ్రైవరు జేబులోది. జీతం తక్కువ, మిగులు మీద ఆశ ఎక్కువ. ఈ ఏర్పాటులో ఏ గేరుబాక్సు పెట్టినా డ్రైవరు డీజిల్ వైపే చూస్తాడు, లైనర్ల వైపు చూడడు. లైనర్లు ఓనరువి, ప్రాణం తనదే అయినా అది ట్రిప్పు లెక్కలోకి రాదు. ఆటోమేటిక్ లారీ అంటే డ్రైవర్లకు అయిష్టం కూడా కొంత ఇక్కడిదే. గేరు రాడ్ చేతిలో ఉంటే మిగులు తన చేతిలో ఉందనుకుంటాడు.

మా బావతో ఇదే వాదన. "న్యూట్రల్ వెయ్యమని నేనేటైనా చెప్పానా?" అంటాడాయన.

"చెప్పలేదు బావా, లీటర్ల లెక్క చెప్పింది కదా."

"మరి జీతం పెంచి లీటర్లు వదిలేస్తే, డీజిల్ అమ్ముకుంటే ఎవడు చూస్తాడు?"

అది నిజమైన భయమే. ట్యాంకులోంచి డీజిల్ తీసి అమ్మడం ఈ దారిలో కొత్త కథ కాదు. ఇప్పటి లారీల్లో ఏ ట్రిప్పుకు ఎంత తాగిందో, ఎక్కడ న్యూట్రల్‌లో దొర్లిందో ఫోనులో చూడగలిగే ఏర్పాటు ఉందంటే, తనకు ఫోను చూసే తీరిక ఎక్కడుందన్నాడు. చివరికి ఒక్కటి అడిగాను. ఏడాదిలో ఒక లారీకి లైనర్లు, డ్రమ్ములు, క్లచ్ ప్లేట్లకు ఎంతైందో డీజిల్ పక్కన రాసి చూడమన్నాను. డీజిల్ పద్దు ట్రిప్పు ట్రిప్పుకూ ఉంది, పైసలతో సహా. లైనర్ల పద్దు లేదు. అది మెకానిక్ దగ్గర ఖాతాలో ఉందట, పండక్కి మొత్తంగా కట్టేస్తాడట. పోయిన ఏడాది చీటీలు ఇమ్మని మెకానిక్‌కు కబురు పెట్టాడు. ఆ లెక్క వచ్చాకే కొత్త లారీ ఏది తీసుకోవాలో మాట్లాడుకుందామన్నాడు.